హైదరాబాద్ లేని ఐఎస్ఎల్: ఈ సీజన్‌లో మన ఆశ ఎవరి మీద?

ఇండియన్ సూపర్ లీగ్ కొత్త సీజన్ ఫిబ్రవరి 14న మొదలవుతోంది. మొత్తం 14 జట్లు, 91 మ్యాచ్‌లు. ఈసారి ప్రతి జట్టు మిగతా 13 జట్లతో ఒక్కోసారి మాత్రమే ఆడుతుంది. ఆ 14 పేర్లలో హైదరాబాద్ లేదు. 2019 నుంచి వరుసగా ఆరు సీజన్లు ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ గత అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

మధిర, బోనకల్, ఎర్రుపాలెం వైపు ఏ మైదానంలో చూసినా పిల్లలు ఆడేది క్రికెట్టే. అయినా రాత్రి ఇషా నమాజ్ తర్వాత ఫోన్ ముందు కూర్చుని రియల్ మాడ్రిడ్, బార్సిలోనా మ్యాచ్‌లు చూసే కుర్రాళ్లు మన ఇళ్లలో తక్కువేం లేరు. వాళ్లు అడుగుతున్న ప్రశ్న సూటిగా ఉంది: "మన జట్టు ఎందుకు పోయింది? ఇప్పుడు ఎవర్ని మన జట్టు అనుకోవాలి?" దీనికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆరేళ్లలో ఏం జరిగింది?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో పుట్టింది. పుట్టిందనే కంటే వచ్చిందనడం సరైన మాట. మూతపడిన పుణే సిటీ జట్టు స్థానంలో దీన్ని తెచ్చారు. అంటే ఈ జట్టు ఒక ఊరు ఖాళీ చేసిన కుర్చీలోనే వచ్చి కూర్చుంది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు రెండే గెలిచి చిట్టచివర నిలిచింది. ఆ తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చారు. జట్టు రూపం మారిపోయింది. 2020-21లో ఐదో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్‌లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే ఆడించారు. జట్టు అట్టడుగు నుంచి శిఖరానికి ఎక్కిన ఆ రెండేళ్లూ హైదరాబాద్ అభిమాని గచ్చిబౌలి గేటు దాటి ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. అంతా టీవీలోనే. జట్టుకీ ఊరికీ మధ్య ముడి పడాల్సిన సమయంలోనే అది పడలేదు.

2022-23లో సొంత మైదానానికి వచ్చాక కూడా జట్టు బాగానే ఆడింది, లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాతే పునాది కదిలింది. ఆటగాళ్లకు జీతాలు అందలేదు. పాత బాకీల కేసుల్లో ఫిఫా నిషేధం పడింది, అంటే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోలేని పరిస్థితి. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. 2024లో బీసీ జిందాల్ గ్రూపు జట్టును తీసుకుంది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. ఆ తర్వాత ఢిల్లీ ప్రయాణం.

జట్టు ఊరు మారడం ఎలా కుదురుతుంది?

మనం జట్టు అంటే ఊరిది అనుకుంటాం. ఐఎస్ఎల్‌లో చాలా జట్లు ఫ్రాంచైజీలు. లీగ్‌లో ఆడే హక్కు ఒక కంపెనీ చేతిలో ఉంటుంది. నష్టాలు పెరిగితే కంపెనీ ఆ హక్కును అమ్ముకోవచ్చు, లేదా అనుమతి తీసుకుని వేరే ఊరికి మార్చుకోవచ్చు. అభిమాని చేతిలో టికెట్ ఉంటుంది గానీ హక్కు ఉండదు.

లీగ్ పరిస్థితి కూడా అంతంతమాత్రమే. 2010లో ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ తన వాణిజ్య హక్కులను ఒక కంపెనీకి 15 ఏళ్లకు ఇచ్చింది. అందుకు ఏటా రూ. 50 కోట్లు వచ్చేవి. ఆ ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. కొత్తది కుదరక, మామూలుగా సెప్టెంబరు, అక్టోబరులో మొదలవ్వాల్సిన సీజన్ ఫిబ్రవరి దాకా సాగింది. చివరికి కేంద్ర క్రీడల మంత్రి జనవరిలో తేదీ ప్రకటించారు. ఇన్ని నెలలు ఆటగాళ్లు, కోచ్‌లు, గడ్డి కోసే మాలీల వరకు అందరూ ఎదురుచూస్తూ గడిపారు.

ఇంకో సంగతి చూడండి. జట్టు వెళ్లిపోయిన రెండు నెలలకే, డిసెంబరు 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం జనంతో కిటకిటలాడింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా మైదానంలోకి దిగి బంతి తన్నారు. కాబట్టి మన దగ్గర ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేదనడం తప్పు. ఇష్టం ఉంది. దాన్ని ఏడాది పొడవునా నిలబెట్టే ఏర్పాటు లేదు.

రహీం సాబ్ కాలంలో ఏ ఏర్పాటు ఉండేది?

ఒకప్పుడు ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా స్కూల్ టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన కథతోనే 2024లో మైదాన్ సినిమా వచ్చింది.

ఆ విజయాల వెనక ప్రతిభ ఒక్కటే లేదు. సిటీ పోలీస్ జట్టులో ఆటగాడికి ఉద్యోగం ఉండేది, నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేది. గాయపడినా ఇల్లు గడిచేది. ఇక పోలీసు శాఖ ఊరు వదిలి పోదు కదా. జట్టు కూడా పోలేదు.

తర్వాతి తరంలో మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పిలుచుకుపోయాయి. సయ్యద్ నయీముద్దీన్, మొహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ అందరూ హైదరాబాదీలే, అందరూ అక్కడే పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు నయీముద్దీన్ కెప్టెన్. 1977లో పీలే ఉన్న కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసినప్పుడు హబీబ్ ఆ జట్టులో ఉన్నారు. ఆయన 2023 ఆగస్టు 15న మరణించినప్పుడు మన పిల్లల్లో చాలామందికి ఆయనెవరో తెలియలేదు. అది పిల్లల తప్పు కాదు, మనం చెప్పలేదు.

మరి ఈ సీజన్‌లో ఎవర్ని చూడాలి?

కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిన పేరు. 1891లో పుట్టిన ఈ క్లబ్ 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదేళ్లు కలకత్తా లీగ్ గెలిచింది. షబ్బీర్ అలీ కూడా ఈ జెర్సీ వేసుకున్నారు. ఇప్పుడు అందులో అన్ని మతాల ఆటగాళ్లూ ఉన్నారు. 2023-24లో ఐ-లీగ్ గెలిచి ఐఎస్ఎల్‌కి వచ్చింది. కానీ మొదటి సీజన్‌లోనే 13 పాయింట్లతో చివర నిలిచింది, జీతాల గొడవలు అక్కడా వచ్చాయి. కాబట్టి అభిమానం ఉంచండి, కప్పు వస్తుందని పందెం కట్టకండి. అసలు పందెం ఎందులోనూ కట్టకండి.

ఇంటికి దగ్గరైన జట్టు కావాలంటే శ్రీనిధి డెక్కన్ ఉంది. ఇది రెండో స్థాయి లీగ్ జట్టు, మైదానం హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లో ఉంది. 2022-23లో, 2023-24లో ఐ-లీగ్ రన్నరప్. రెండుసార్లూ ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. తెలంగాణ నుంచి ఐఎస్ఎల్‌కి మళ్లీ దారి తెరుచుకోవాలంటే ముందు కనిపించేది ఈ జట్టే.

పిల్లవాడు, పాప ఆడతామంటే?

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. మన భద్రాచలం అడవి అంచున, ఖమ్మం పల్లెల్లో అలాంటి కాళ్లున్న పిల్లలు లేరని ఎవరనగలరు? అయితే అబ్బా, అమ్మీ ముందుగా కొన్ని విషయాలు కనుక్కోవాలి.

ట్రయల్స్ అని డబ్బు అడిగితే, ఆ అకాడమీకి ఫెడరేషన్ గుర్తింపు ఉందో లేదో చూడండి. పిల్లల పేరు ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో నమోదు చేస్తారా అని అడగండి. "మీ వాణ్ని నేరుగా ఐఎస్ఎల్‌లో ఆడిస్తాం" అని మాట ఇచ్చేవాళ్లను నమ్మకండి. చదువు ఆపకండి. క్లబ్బు మూతపడినా ఊరు మారినా డిగ్రీ చేతిలో ఉంటుంది. రైల్వే, పోలీసు, సైన్యం ఇప్పటికీ స్పోర్ట్స్ కోటాలో ఆటగాళ్లను తీసుకుంటున్నాయి. రహీం సాబ్ శిష్యులు నిలబడింది అలాంటి ఉద్యోగం మీదే.

ఇక అభిమాని ఏం కోరుకోవాలి? కప్పు కంటే ముందు మూడు విషయాలు: ఆటగాడికి సమయానికి జీతం, స్థానిక పిల్లలకు జట్టులో చోటు, ఊరు విడిచిపోని యాజమాన్యం. తెలంగాణకు మళ్లీ పెద్ద జట్టు వచ్చిన రోజు టికెట్ కొనే ముందు ఈ మూడూ అడగాలి. 2019లో ఎవరూ అడగలేదు. అప్పటిదాకా ఫిబ్రవరి 14న టీవీ పెట్టి మ్యాచ్ చూడండి, పక్కన కూర్చున్న పిల్లలకు హబీబ్ ఎవరో చెప్పండి.