జయపురం పింగాణీకి బెంగళూరు పరీక్ష

అమ్మడూ, కొత్తవలస-కిరండూల్ (కేకే) లైను రైల్లో కొరాపుట్ దాటితే వచ్చే జయపురంలో పెద్ద సబ్‌స్టేషన్ ఒకటుంది. అక్కడినుంచి 400 కేవీ లైను కొండలు దిగి మన గాజువాకకు వస్తుంది. మనకు ఆ కొండలతో కరెంటు చుట్టరికం ఇవాళ్టిది కాదు. కొరాపుట్ జిల్లాలోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచీ ఆంధ్రా, ఒడిశాల ఉమ్మడి సొత్తు.

ఆ కొండల్లోని కొరాపుట్, దాని పక్కనున్న రాయగడ రెండూ భూకంప పటంలో రెండో మండలం, అంటే భయం తక్కువున్న చోటు. అలాగని ధీమాగా కూచోకూడదంటాను. 1967లో మహారాష్ట్రలోని కొయనా అదరక ముందు ఆ ప్రాంతాన్ని కూడా నిశ్చలమైనదనే అనుకున్నారు. 2001లో గుజరాత్‌లోని కచ్ కంపించినప్పుడు సబ్‌స్టేషన్లలో పరికరాలను మోసే పింగాణీ స్తంభాలు విరిగిపడ్డాయి. సరిగ్గా ఆసుపత్రులకు కరెంటు కావలసిన వేళ!

విరిగేది ఎక్కడో తెలుసా? అడుగున, పింగాణీని లోహపు పట్టీలో సిమెంటుతో బిగించిన చోట. కొన్ని రకాల సీటీల్లో, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లలో, బరువంతా తలమీదే ఉంటుంది. తల ఊగితే ఆ లాగుడంతా మొదట్లోకి చేరుతుంది. పింగాణీ నిలువు బరువుకు ఓర్చినంతగా వంపుకు ఓర్వదు.

నీళ్ళ బిందెతో నడుస్తుంటే ఒకానొక నడకకు నీళ్ళు ఎగిరెగిరి ఒలుకుతాయి చూడు, అడుగు మారిస్తే సర్దుకుంటాయి. ఈ స్తంభాలకూ అలా సొంత ఊపు ఉంటుంది. చాలావాటికి అది సెకనుకు పది సార్ల లోపే. భూకంపం బలంగా ఊపేది కూడా ఇంచుమించు ఆ వేగంతోనే. చిక్కంతా అక్కడే.

అందుకే బెంగళూరులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థలో షేక్ టేబుల్ పెట్టారు. పది టన్నుల పరికరాన్నైనా అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ ఒకేసారి కుదిపేస్తుంది. ముందు మెల్లగా వేగం పెంచుతూ పరికరం సొంత ఊపు ఎంతో పట్టుకుంటారు. తరవాత కృత్రిమ భూకంపం. అది ఆగాక మళ్ళీ మెల్లగా ఊపి చూస్తారు. ఈ రెండోసారి చూడటమే నాకు మహా ఇష్టం. పైకి గీతైనా పడకపోయినా, సొంత ఊపు మందగించిందంటే లోపల ఎక్కడో బిగువు వదిలిందనో, పగులు పట్టిందనో అనుమానించాల్సిందే.

పరికరం ఒక్కటీ నెగ్గితే చాలదు తల్లీ. పక్కపక్క పరికరాలు తలో తీరుగా ఊగుతాయి. మధ్య తీగ బిగుతుగా ఉంటే ఒకదాన్నొకటి లాగి విరిచేస్తాయి. అందుకని సబ్‌స్టేషన్లో ఆ తీగను కాస్త వదులుగా వేలాడనిస్తారు.