పెళ్ళికొడుకు తెలియని ముహూర్తం: కోసాడ్ నుంచి బేస్‌బాల్ చూడటానికి బయల్దేరేవారికి

విదేశంలో జరిగే పెద్ద టోర్నీకి వెళ్ళాలనుకోగానే అందరి చూపూ ముందు ఫైనల్ మీదే పడుతుంది. అంత దూరం వెళ్ళేది ఒక్కసారే కాబట్టి ఆఖరి ఆటే చూసి రావాలనిపించడం సహజం. క్రికెట్ విషయంలో ఈ లెక్క కొంతవరకు నడుస్తుందేమో కానీ, బేస్‌బాల్ విషయంలో, అందులోనూ సూరత్ శివారులోని కోసాడ్ లాంటి చోటి నుంచి వెళ్ళేవారి విషయంలో, అది తలకిందుల లెక్క. మొదటిసారి అంతర్జాతీయ బేస్‌బాల్ చూడబోయేవారు కొనాల్సింది తొలి దశ మ్యాచ్‌ల టికెట్లు. అవి కూడా ఒకే నగరంలో, వరుసగా రెండు మూడు రోజులవి. దానికి కారణాలు టోర్నీ నిర్మాణంలోనే ఉన్నాయి.

ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద దేశాల పోటీ వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్. 2006లో మొదలైంది. ఇప్పుడు 20 జట్లు, ఐదేసి చొప్పున నాలుగు పూల్స్. పూల్‌కో నగరం. 2023లో అవి తైచుంగ్, టోక్యో, ఫీనిక్స్, మయామీ. 2026 మార్చి పట్టికలో సాన్ హువాన్, హ్యూస్టన్, టోక్యో, మయామీ. పూల్‌లో ప్రతి జట్టూ మిగతా నాలుగు జట్లతోనూ ఆడుతుంది కాబట్టి ఒక్కో నగరంలో పది మ్యాచ్‌లు జరుగుతాయి. ఏ రోజు ఏ జట్టు ఎవరితో ఆడుతుందో నెలల ముందే ఖాయంగా తెలుస్తుంది. ఆ తర్వాతి దశలో ఈ భరోసా పోతుంది. క్వార్టర్‌ఫైనల్ టికెట్ చేతిలో ఉంటే తేదీ తెలుసు, స్టేడియం తెలుసు, కుర్చీ నంబరు కూడా తెలుసు. ఆడేదెవరో మాత్రం తెలియదు. ముహూర్తం, కల్యాణ మండపం కుదిరిపోయి పెళ్ళికొడుకు ఇంకా కుదరని పెళ్ళికి రైలు టికెట్లు తీయడం లాంటిది ఇది. 2023లో గెలుపు గుర్రమని అందరూ అనుకున్న డొమినికన్ రిపబ్లిక్ మయామీ పూల్‌లోనే ప్యూర్టో రికో చేతిలో 5-2తో ఓడి ఇంటికి పోయింది. ఆ జట్టును క్వార్టర్‌ఫైనల్లో చూద్దామని ముందే టికెట్ కొన్నవారికి దక్కింది వేరే జట్లు. పైగా నిర్వాహకులకు తమ లెక్కలు తమకుంటాయి. 2023లో జపాన్ ముందుకు వస్తే పూల్‌లో ఏ స్థానంలో నిలిచినా మార్చి 16నే, అమెరికా వస్తే 18నే క్వార్టర్‌ఫైనల్ ఆడేలా ముందే రాసిపెట్టుకున్నారు. ఎక్కువమంది చూసే జట్టును ఎక్కువమంది చూసే రోజున ఆడించడానికే ఈ ఏర్పాటు. టీవీ ముందు కూర్చున్నవాడికి ఇబ్బంది లేదు. విమానం టికెట్, హోటల్ గది, ఆఫీసు సెలవు మూడింటినీ ముడిపెట్టుకున్నవాడికే ఇబ్బంది.

తొలి దశలో ఆటలు ఏకపక్షంగా ఉంటాయన్న అభ్యంతరం ఉంది. అబద్ధమేమీ కాదు. 2023లో టోక్యోలో కొరియా చైనాను 22-2తో చిత్తు చేసింది. తొలి దశలో ఐదు ఇన్నింగ్స్ అయ్యేసరికి 15 పరుగుల తేడా ఉంటే, లేదా ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 10 పరుగుల తేడా ఉంటే ఆట అక్కడితో ముగించేస్తారు. దాన్నే మెర్సీ రూల్ అంటారు, మన భాషలో దయ నియమం. కొరియా, చైనా ఆట ఐదో ఇన్నింగ్స్‌తోనే ముగిసింది. డబ్బు పెట్టి తొమ్మిది ఇన్నింగ్స్ కొన్నవారికి ఐదే దక్కాయని గొణుక్కోవడానికి ఇది మంచి సందర్భమే. అయితే అదే టోర్నీ సెమీఫైనల్లో అమెరికా క్యూబాను 14-2తో ఓడించింది. ఎంతో ఖరీదు పెట్టి టికెట్ కొన్నవాళ్ళు ఆ రాత్రి ఆట మధ్యలోనే ఫలితం తెలిసిపోయాక కూడా కూర్చున్నారు, ఆ దశలో దయ నియమం కూడా లేదు మరి. ఇక తైచుంగ్ పూల్ సంగతి చూడండి. క్యూబా, ఇటలీ, నెదర్లాండ్స్, పనామా, చైనీస్ తైపీ, ఈ ఐదు జట్లూ తలా రెండు గెలిచి రెండు ఓడాయి. ఐదింటికీ ఒకటే లెక్క రావడంతో ఇచ్చిన పరుగులను తీసిన అవుట్లతో భాగించి ఎవరు ముందో తేల్చారు. మన నెట్ రన్‌రేట్‌కు ఇది వేలు విడిచిన మేనమామ అనుకోవచ్చు. క్యూబా, ఇటలీ ముందుకు వెళ్ళాయి, ఆతిథ్య జట్టు చైనీస్ తైపీ ఐదో స్థానంతో ఆగిపోయింది. ఆఖరి రోజు దాకా అన్ని జట్లకూ ప్రాణం ఉన్న పోటీ అంటే అదీ. అది పూల్ దశలోనే జరిగింది.

ఏకపక్షమైన ఆటలో కూడా చూడదగింది ఉంటుందని చెప్పడానికి అదే ఏడాది మార్చి 11న టోక్యో డోమ్‌లో జపాన్, చెక్ రిపబ్లిక్ మధ్య జరిగిన మ్యాచ్ ఒక్కటి చాలు. స్కోరు మాత్రమే చూస్తే 10-2, జపాన్ సునాయాస విజయం. కానీ చెక్ జట్టు నిండా ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చినవారే. మేనేజర్ పావెల్ చాదిమ్ నాడీవ్యాధుల వైద్యుడు. ఆ రోజు బంతి వేసిన ఓండ్రెయ్ సటోరియా ఎలక్ట్రీషియన్. ఏ కోశానా భయపెట్టని వేగంతో బంతి వేసి, అప్పటికే ప్రపంచంలో అందరికన్నా పేరున్న షోహెయ్ ఒహ్తానీని స్ట్రైక్ అవుట్ చేశాడు. అవతలి వైపు జపాన్ పిచర్ రోకీ ససాకీ 160 కిలోమీటర్లు దాటిన వేగంతో వేస్తున్నాడు. అతని బంతి ఒకటి చెక్ బ్యాటర్ విల్లీ ఎస్కాలా మోకాలికి తగిలింది. తర్వాత ససాకీ సంచుల నిండా మిఠాయిలు తీసుకుని ఎస్కాలాను పలకరించడానికి వెళ్ళాడు. ఆడేవాడికీ చూసేవాడికీ మధ్య దూరం తగ్గేది ఇలాంటి ఆటల్లోనే. ఫైనల్లో ఎలక్ట్రీషియన్లు కనిపించరు.

ఈ మాట నమ్మడానికి సూరత్‌వాసులు అంత దూరం వెళ్ళనక్కర్లేదు. 2019 సెప్టెంబర్, అక్టోబర్‌లలో లాలాభాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో భారత్, దక్షిణాఫ్రికా మహిళల టీ20 సిరీస్ జరిగింది. రెండు మ్యాచ్‌లు వానపాలయ్యాయి. ప్రపంచకప్ కాదు, ఫైనల్ కాదు, పత్రికల మొదటి పేజీ వార్త అంతకన్నా కాదు. సెప్టెంబర్ 24న జరిగిన తొలి మ్యాచ్‌తోనే షెఫాలీ వర్మ అనే పదిహేనేళ్ళ అమ్మాయి అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టింది. ఆ రోజు పరుగులేమీ చేయలేదు. అయినా మరో మూడు నాలుగేళ్ళకు ఆ మ్యాచ్ చూశామని చెప్పుకోగలిగినవారు ఆ గ్యాలరీలో ఉన్నవారే. పెద్ద ఆటల పేరు టికెట్ మీద రాసి ఉంటుంది, పెద్ద ఆటగాళ్ళ మొదటి రోజు ఎక్కడా రాసి ఉండదు.

ఒహ్తానీ లాంటివాడిని చూడటానికే వెళ్తున్నాం, అతను ఆడే రోజే టికెట్ కొంటాం అనేవారికి ఇంకో సంగతి చెప్పాలి. బ్యాటింగ్ చూడాలనుకుంటే ఇబ్బంది లేదు, ఫలానా పిచర్ కోసమైతే మాత్రం ఆశ పెట్టుకోకపోవడమే మేలు. క్లాసిక్‌లో ఒక పిచర్ తొలి దశలో 65 బంతులు, క్వార్టర్‌ఫైనల్లో 80, ఆ పైన 95 దాటి వేయకూడదన్న పరిమితి ఉంది. 50 గానీ ఆపైన గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాల్సిందే. పిచర్ల భుజాలు కోట్ల రూపాయల ఆస్తి, జీతాలిచ్చే క్లబ్బులు ఊరుకోవు. అంచేత ఏ పిచర్ ఏ రోజు దిగుతాడో ఆఖరుదాకా తేలదు, దిగినా సగం ఆటకే తప్పుకుంటాడు. 2023 ఫైనల్ ఆఖరి బంతిని ఒహ్తానీ వేసి, అమెరికా కెప్టెన్ మైక్ ట్రౌట్‌ను అవుట్ చేసి 3-2తో జపాన్‌ను గెలిపించడం నిజమే. అలాంటి రాత్రి దొరకడం అదృష్టం, దాన్ని ముందుగా బుక్ చేసుకునే పద్ధతి లేదు.

అందువల్ల ఎంచుకోవాల్సింది జట్టును కాదు, నగరాన్ని. ఇక్కడ కోసాడ్‌వాసి లెక్క హైదరాబాద్ లెక్క కన్నా కాస్త వేరు. కోసాడ్ స్టేషన్ ముంబై, అహ్మదాబాద్ రైలు మార్గం మీదే ఉంది. లోకల్ రైలెక్కి సూరత్‌లో దిగి ముంబై బండి పట్టుకుంటే పెద్ద విమానాశ్రయం అందుతుంది. సూరత్ విమానాశ్రయం తాపీ నది దాటి ఊరికి అటు చివర, డుమస్ దారిలో ఉన్నా, 2023 డిసెంబర్‌లో అక్కడి నుంచి దుబాయ్‌కి నేరుగా విమానం మొదలైంది. టైమ్‌టేబుళ్ళు మారుతుంటాయి కాబట్టి చూసుకునే బయల్దేరాలి. దుబాయ్ పేరెందుకు వచ్చిందంటే, 2024 నవంబర్‌లో అక్కడ అరబ్ క్లాసిక్ పేరిట తొమ్మిది దేశాల బేస్‌బాల్ పోటీ జరిగింది. భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ కూడా ఆడాయి, కప్పు పాకిస్తాన్‌కు దక్కింది. మరుసటి ఏడాది నవంబర్‌లో ముంబై కోబ్రాస్, కరాచీ మోనార్క్స్ సహా నాలుగు జట్ల లీగ్ అక్కడే మొదలైంది. ఆట నాణ్యతలో టోక్యోకూ దీనికీ పోలిక లేదు. కానీ వీసా తేలిక, ప్రయాణం తక్కువ, భారత జెర్సీ కనిపిస్తుంది. తొలి అడుగుగా ఇదే నయం.

టోక్యో మధ్యస్థం. వీసాకు కాగితాలు శుభ్రంగా ఉంటే చాలు, అమెరికా వీసాకు మాదిరి ఇంటర్వ్యూ తేదీ కోసం నెలల తరబడి కాచుకోనక్కర్లేదు. ఖర్చు తక్కువేమీ కాదు. మగ్గాల మీదా బట్టల మార్కెట్లలోనూ బతుకుతున్న సూరత్ తెలుగు కుటుంబాలకు ఈ ప్రయాణం నెలసరి జీతంలోంచి తీసేది కాదనీ, ఇది అందరికోసం రాసిన మాట కాదనీ ఒప్పుకోవాలి. వెళ్ళగలిగినవారిలో చాలామందికి హ్యూస్టన్‌లోనో డల్లాస్‌లోనో అన్నో వదినో ఉంటారు. బస ఉచితం కదా, అమెరికానే చవక అనే వాదన అందుకే వినిపిస్తుంది. వాదనలో పస ఉంది. అయితే ఆ చవక పూల్ దశకే వర్తిస్తుంది. హ్యూస్టన్ పూల్‌కు వెళ్తే అన్న ఇంట్లోనే ఉండి నాలుగైదు ఆటలు చూడొచ్చు. సెమీఫైనల్ కావాలంటే మయామీకి మళ్ళీ విమానం, మళ్ళీ హోటల్. డల్లాస్ వైపు బంధువులున్నవారికి ఇంకో ఆకర్షణ కూడా ఉంది. పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ సొంత మైదానం ఉంది. తల్లి వైపు భారత మూలాలున్న కుమార్ రాకర్ ఆ జట్టు పిచర్‌గా 2024 సెప్టెంబర్‌లో అడుగుపెట్టాడు.

టికెట్ల విషయానికొస్తే టోక్యోలో జపాన్ ఆడే మ్యాచ్‌లకు లాటరీలో పేరు రావాల్సిందే. జపాన్ ఆడని మధ్యాహ్నపు ఆటలకు మాత్రం ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. ఒక్క జపాన్ మ్యాచ్‌కు ప్రయత్నించి, రెండు వేరే మ్యాచ్‌లు ఖాయం చేసుకోవడం తెలివైన పని. కుర్చీ ఎక్కడన్నది ముఖ్యం. బేస్‌బాల్‌లో బంతి నేల తాకకుండా వస్తుంది, దాని వంపంతా గాలిలోనే. అది కనబడాలంటే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనుక, కాస్త ఎత్తులో కూర్చోవాలి. పక్కల నుంచి చూస్తే వేగమే తెలుస్తుంది, వంపు తెలియదు. క్రికెట్ అలవాటైన కన్ను బ్యాటర్‌ను చూస్తుంది. ఇక్కడ బ్యాటర్ వెనుక కాచుకునే క్యాచర్ చేతి తొడుగు ఎటు కదులుతుందో చూడాలి, ఆట సగం అక్కడే అర్థమవుతుంది. సందడి కావాలంటే దూరంగా అవుట్‌ఫీల్డ్ వైపు కొనాలి. జపాన్ అభిమానులు బాకాలూ డప్పులతో ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో పాట పాడతారు. అయితే తమ జట్టు బ్యాటింగ్‌లో ఉన్నప్పుడే, ప్రత్యర్థి వంతు రాగానే బాకాలు ఆగిపోతాయి. జాతరలో రెండు ఊళ్ళ డప్పులు వంతులవారీగా మోగినట్టు. మయామీలో లాటిన్ అమెరికా జనం ఆ వంతులేవీ పాటించరు, తొమ్మిది ఇన్నింగ్స్ కాలమూ మోగిస్తూనే ఉంటారు. జేబులో నోట్లకు మాత్రం రెండు చోట్లా పెద్దగా పని ఉండదు, చాలా స్టేడియాలు కార్డు మీదే నడుస్తున్నాయి. అమెరికాలో సంచి లోపలికి వెళ్ళాలంటే చాలాచోట్ల అది పారదర్శకంగా ఉండాలి. శాకాహారులు బయటే కడుపు నింపుకుని వెళ్ళడం మంచిది, సూరత్ తిండికి అలవాటుపడ్డ నాలుక ఎలాగూ స్టేడియం బంగాళాదుంపలకు లొంగదు.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. భారత జట్టు వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ఇప్పటిదాకా ఆడలేదు, మరి ఎవరి కోసం చప్పట్లు కొట్టాలి? మన జెండా లేని గ్యాలరీలో నాలుగు గంటలు కూర్చోవడం కష్టమే. కానీ జెండా లేకపోవడంలో ఒక సౌకర్యం ఉంది. ఓటమి భయం లేకుండా ఆట నేర్చుకోవచ్చు, మూడో ఇన్నింగ్స్‌లో పక్షం మార్చినా అడిగేవారుండరు. తొలి దశలో ఒకటి రెండు చిన్న జట్లు తప్పకుండా ఉంటాయి, వాటిలో ఒకదాన్ని దత్తత తీసుకుంటే సరిపోతుంది. జెండా కావాల్సిందే అనుకునేవారికి 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ ఒక దారి. బేస్‌బాల్ డాడ్జర్ స్టేడియంలో, ఆరే జట్లతో. మన జెండాకు అవకాశమున్న క్రికెట్ పోమోనాలో, నగరానికి తూర్పున. రెంటికీ ఒకే వీసా సరిపోతుంది. ఆ వీసాకు దరఖాస్తు చేసుకోవాల్సింది మాత్రం టికెట్ల కన్నా ముందు.