పనిముట్ల పెట్టెలో పుస్తకపు అర

పాండవులు విరాటుని కొలువునకు పోవుటకు ముందు తమ ఆయుధములను మూటగట్టి జమ్మిచెట్టుపై దాచిరి. ఏడాది గడచిన పిమ్మట ఉత్తరకుమారుడు ఆ చెట్టెక్కి మూట విప్పి, ఒక్కొక్క వింటిని చూచి, ‘ఇది యెవరిది?’ అని అడిగెను. బృహన్నల వేషమున నున్న అర్జునుడు ఒక్కొక్కదానికి దాని యజమానిని చెప్పెను. మనుష్యులు తమ పేర్లు దాచుకొనగలిగిరి గాని వారి ఆయుధములు దాచలేకపోయినవి. యోధునకు ఆయుధ మెట్టిదో పనివానికి పనిముట్టు అట్టిది. అతని పెట్టె తెరచి చూచినచో అతడే పని చేయునో, ఎంత శ్రద్ధగా చేయునో చాలవరకు తెలిసిపోవును.

కృష్ణాడెల్టా దిగువ భూములను తలచినంతనే మనకు వరిచేలు, చేపల చెరువులు, సముద్రపు వేట జ్ఞాపకము వచ్చును. వాని వెనుక నిలిచి నడిపించువారిని అంతగా తలపము. గుడివాడలో బియ్యపుమిల్లు ఇరుసు అరిగినను, పొలములో ట్రాక్టరు మొరాయించినను, బందరు ప్రక్కన గిలకలదిండి రేవులో మరపడవ ఇంజను ఆగినను ఆనాటి పని ఆగిపోవును. దానిని మరల నడపువారు ఇద్దరు. ఒకడు లేతుమీద ఇనుమును తరచి క్రొత్త భాగమును తయారుచేయు మెషినిస్టు. రెండవవాడు యంత్రమును విప్పి, దోషము కనిపెట్టి, మరల బిగించు మెకానిక్కు. వాడుకలో ఇరువురిని ‘మేస్త్రీ’ అనియే పిలుతురు. కాని వారి పెట్టెలను ప్రక్కప్రక్కన పెట్టినచో వృత్తిభేదము వెంటనే తెలియును. మొదటివానియొద్దకు పని వచ్చును; రెండవవాడు పనియొద్దకు పోవును. పెట్టెల రూపభేదమున కంతకు మూలమిదియే.

మెషినిస్టు పెట్టెలలో ప్రపంచమంతట పేరుపొందినది అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున, డేటన్ నగరమున పుట్టినది. హ్యారీ గెర్‌స్ట్‌నర్ అను పనివాడు తన పనిముట్ల కొరకు తానే ఒక పెట్టె చేసికొనెను. తోటివారు తమకును అట్టిదే కావలెననిరి. 1906లో అది యొక వ్యాపారమైనది. ఓకు కర్రతో చేసిన ఆ పెట్టెలో సన్నని సొరుగులు వరుసలు తీరి యుండును. సొరుగు అడుగున ఉన్నితో చేసిన ఫెల్టు గుడ్డ పరచియుండును. ముందు పలకను తీసి అడుగు సొరుగు క్రిందికి నెట్టివేయవచ్చును. పని ముగిసిన తరువాత దానిని నిలిపి పైమూత వేసినచో ఒక్క తాళముతో సొరుగులన్నియు బంధింపబడును.

ఇంతటి సుకుమారము ఇనుపపని చేయువాని కెందుకని ఎవరైన అడుగవచ్చును. పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు పట్టుకొను స్క్రూగేజి ఇందుకు సమాధానము చెప్పును. మెషినిస్టు మైక్రోమీటరు దాని సోదరియే. అది మిల్లీమీటరులో నూరవ వంతును కొలుచును. ఉక్కు వేడికి వ్యాకోచించునని పాఠములో చదువుదుము. నూరు మిల్లీమీటర్ల ఉక్కుకడ్డీకి పది డిగ్రీల వేడి పెరిగినచో అది మిల్లీమీటరులో నూరవ వంతుకంటె కొంచె మెక్కువ సాగును. అనగా కొలతసాధనము ఎండలో పడియుండి, కొలువవలసిన వస్తువు నీడలో నున్నచో ఆ కొలత నమ్మదగినది కాదు. అందుచేతనే పొడవు కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్ ప్రమాణోష్ణతగా ఉండవలెనని 1931లో అంతర్జాతీయముగా నిర్ణయించిరి. బందరు వేసవిలో ఆ 20 డిగ్రీలు దుర్లభము. కావున సాధనమును, వస్తువును ఒకే నీడలో కొంతసేపు ఉంచి పిమ్మట కొలుచుట ఇచ్చట మంచి పనివాని లక్షణము. ఫెల్టు పరచిన సొరుగు సాధనమును ఎండనుండి, దెబ్బనుండి, ఇనుపరజనునుండి కాపాడును. అది అలంకారము కాదు. కొలత యొక్క సత్యమునకు రక్ష.

మెకానిక్కు పెట్టె తీరు వేరు. అది ఉక్కురేకు పెట్టె. అదే ఒహైయో రాష్ట్రమున వాన్ వర్ట్ అను ఊర 1911లో స్థాపితమైన కెన్నెడీ సంస్థ ఉక్కుపెట్టెలకు పేరుపొందినది. మెకానిక్కు పెట్టెలో పైన ఒక పళ్లెము, క్రింద లోతైన గొయ్యి ఉండును. పళ్లెములో స్క్రూడ్రైవర్లు, మరలు, వాషర్లు. క్రింద సుత్తులు, పెద్ద పానాలు, పట్టకారులు. మూత తీసినంతనే పళ్లెములు మెట్లవలె రెండువైపులకు విచ్చుకొను పెట్టెలును కలవు. గుడివాడ రోడ్డు ప్రక్కన ఆగిన లారీ క్రింద పడుకొన్నవాడు చేయి చాచినచో కావలసినది చేతికందవలెను. అతనికి ఫెల్టు గుడ్డతో పనిలేదు. గట్టి పిడి, విరగని బందు, చమురుకు చెడని లోపలి భాగము కావలెను.

ఇట్టి పాత ఉక్కుపెట్టె నొకదానిని బోర్లించినచో దేశచరిత్రయే బయటపడును. అందులో మూడు జాతుల పానాలు ఉండవచ్చును. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరచుట్లకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. ఆ పద్ధతి పానాలమీది అంకె బోల్టు లావును తెలుపునే గాని పానా నోటి వెడల్పును కాదు. అమెరికా పానాలమీది అంగుళముల అంకె నోటి వెడల్పునే తెలుపును. మనదేశము 1956 చట్టముతో మెట్రిక్ కొలతల మార్గము పట్టిన తరువాత మిల్లీమీటరు పానాలు వచ్చిచేరినవి. అర అంగుళము 12.7 మిల్లీమీటర్లు. పదమూడు మిల్లీమీటర్ల పానాను అర అంగుళపు నట్టుమీద వేసినచో 0.3 మిల్లీమీటరు సందు మిగులును. చూపునకు ఆనని ఆ సందే బలముగా త్రిప్పినప్పుడు నట్టు మూలలను గుండ్రముగా కొరికివేయును. మూడు జాతులను వేరువేరుగా అమర్చుకొన్న పెట్టె కలవాడు ఆ పొరపాటు చేయడు.

ఈ అమరిక విద్య మనకు పరదేశము నుండి వచ్చినది కాదు. రోల్డుగోల్డు నగలకు పేరుపొందిన చిలకలపూడిలో అచ్చులు చెక్కువారికిని, పెడనలో కలంకారీ అద్దకము కొరకు టేకు దిమ్మెలపై పూలను, తీగలను చెక్కువారికిని సన్నని ఉలి యొక్క అంచే ప్రాణము. ఒక ఉలి మరొక ఉలిని తాకినచో అంచు పోవును. అంచు పోయినచో తీగె వంకర పోవును. గుడ్డచుట్టయైనను, చెక్కపెట్టెయైనను, దేని చోటు దానికుండుట వారి వృత్తిధర్మము.

ఇక రెండు పెట్టెలలో ఏది మేలని అడిగినచో ఈ ప్రాంతమున తీర్పు చెప్పవలసినది ఉప్పుగాలి. ఉక్కుపెట్టె దెబ్బకు ఓర్చును, వానకు ఓర్చును. కాని రంగు లేచిన చోట తుప్పు పట్టును. రాత్రి చల్లబడిన రేకు లోపల గాలిలోని తేమ బిందువులై దిగును. చెక్కపెట్టె ఆ తేమను కొంత పీల్చుకొని పనిముట్లను కాపాడును. కాని వర్షాకాలమున ఉబ్బి సొరుగులు కదలవు. ఓకు కర్రనుండి వెలువడు ఆమ్లపు ఆవిరి తడిగాలిలో ఇనుమునకు కీడు చేయును. ఫెల్టు గుడ్డ ఒకసారి తడిసి ఉప్పు పట్టినచో రక్షకుడే శత్రువగును. ఈ తీరమున చెక్కపెట్టె చేయవలసివచ్చినచో, సహజముగా నూనె కలిగి తేమకు అంతగా కదలని టేకు మేలు. పాశ్చాత్య పనివారు తుప్పును ఆలస్యము చేయునను నమ్మకముతో తమ పెట్టెలలో కర్పూరపు బిళ్లలు ఉంచెడివారు. మనము హారతి పళ్లెములో వెలిగించు కర్పూరమునకు అచ్చట పనిముట్ల పెట్టెలో చోటు దొరకుట ముచ్చటైన సంగతి.

పాత పెట్టెను కొనువారు పైమెరుగును చూచి మోసపోరాదు. చెక్కపెట్టెలో సొరుగు మూలలను చూడవలెను. పళ్లలో పళ్లు దూర్చిన అతుకు వదులుకాక, సొరుగు ఒక్క వ్రేలితో కదలినచో అది మంచి పెట్టె. ఉక్కుపెట్టెలో అడుగు మూలలను, బందులను, పళ్లెము జారు దారిని చూడవలెను. తుప్పు మొదట దాగుచోట్లు అవియే.

దివిసీమలో ఈ మాటలు కేవలము ముచ్చటలు కావు. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని బలిగొనెను. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో పదివేలకు పైగా మరణించిరి. దివిసీమ గ్రామములనేకము నీటిపాలైనవి. ఇల్లు పోయి, పశువులు పోయి, పొలము ఉప్పుబారినవానికి వెంటనే అన్నము పెట్టగలది అతని చేతిలోని విద్య; ఆ విద్యకు చేతులు అతని పనిముట్లు. ఉప్పునీట మునిగిన పనిముట్టును అట్లే ఎండబెట్టినచో తుప్పు త్వరలోనే తినివేయును. మొదట మంచినీట కడిగి, పొడిగా తుడిచి, కిరోసినుతో శుభ్రముచేసి, నూనె పూసినచో చాలవరకు దక్కును. ఉపాధ్యాయుడు రసాయనశాస్త్రములో తుప్పు పాఠము చెప్పునప్పుడు ఈ నాలుగు మాటలు చేర్చినచో ఏనాడో ఒక కుటుంబమునకు అవి అక్కరకు రావచ్చును.

మరల ఆ డేటన్ పెట్టెయొద్దకు పోదము. దాని పై వరుస నడుమ మిగిలినవానికంటె ఎత్తైన యొక సొరుగు ఉండును. అందులో ఉండునది సుత్తి కాదు, ఆకురాయి కాదు, ఒక పుస్తకము. 1914లో మొదట వెలువడిన ‘మెషినరీస్ హ్యాండ్‌బుక్’ అను గ్రంథమునకు ఆ చోటు సరిగా సరిపోవును. మరచుట్ల పట్టికలు, పళ్లచక్రముల లెక్కలు, త్రికోణమితి విలువలు అందులో కలవు. లేతు ముందు నిలుచువాడు చమురు చేతులు తుడుచుకొని, పుట త్రిప్పి, కోణమును లెక్కించుకొని మరల పనిలో దిగును. మిగిలిన సొరుగులు చేతి కొరకైనచో నడిమి సొరుగు బుద్ధి కొరకు.

మనదేశమున చాలకాలము ఈ రెండింటికి నడుమ గోడ నిలిచినది. పుస్తకము పట్టినవాడు పనిముట్టు ముట్టలేదు. పనిముట్టు పట్టినవానికి పుస్తకము అందలేదు. ఆ గోడను తొలగింపదలచిన పెద్దలు బందరులోనే ఉండిరి. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1910లో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల అక్షరవిద్యతోపాటు చేతిపనులకును తరగతిలో స్థానము కల్పించినది. వారు విద్యాలయమున చేసిన ప్రయత్నమునే ఆ పనివాడు తన పెట్టెలో చేసెను.

శరన్నవరాత్రులలో మూలానక్షత్రము నాడు మన పిల్లలు పుస్తకములను సరస్వతి ముందు ఉంచుదురు. తరువాత మహానవమి నాడు తండ్రులు పనిముట్లను తుడిచి, కుంకుమ పెట్టి పూజింతురు. పుస్తకమున కొకనాడు, పనిముట్టున కొకనాడు. ఈసారి ఆయుధపూజ నాడు తండ్రి పెట్టె తెరచినప్పుడు కుమారుడు ప్రక్కన కూర్చుండి, ఉత్తరునివలె ఒక్కొక్కటి చేతికి తీసికొని, ఇది యేమి, ఇందులో లెక్క యేమి అని అడుగవలెను. ఆ లెక్క తండ్రికి తెలియనిచో తన పాఠ్యపుస్తకమును తెచ్చి ఆ పానాల నడుమ పెట్టవలెను. పెట్టెలో దానికి చోటు లేకపోదు.