వార్తల్లో పదం: నోటీసు గడువు, సెలవు వేతనము

ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో పనిచేయు స్త్రీ, ప్రసూతి సెలవు ముగిసిన పిదప, పసిబిడ్డను విడిచి రాజాలక రాజీనామా చేయనెంచినచో, నియామక పత్రమునందో సంస్థ స్థాయీ ఉత్తర్వులయందో నిర్దేశింపబడిన నోటీసు గడువును, అనగా వైదొలగుటకు ముందుగా యజమానికి తెలుపవలసిన కాలమును, పాటింపవలసియుండును. అంతమాత్రమున ఆమె అదివరకు ఆర్జించిన సెలవులు హరించిపోవు.

పనిచేసిన ప్రతి 20 దినములకు ఒక సవేతన సెలవు నొసగిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ఏడాదికి 240 దినముల పని నిండకున్నను, వాడుకొనని సెలవులకు వేతనమును పని మానిన రెండవ పనిదినము ముగియులోగా చెల్లింపవలెనని శాసించినది. 20 దినముల సూత్రమును 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన కొత్త కార్మిక స్మృతియు నిలుపుకొన్నది. ప్రసూతి సెలవు దినములు హాజరులో చేరునే గాని కొత్త సెలవును ఆర్జించిపెట్టవు. ఇది నాకు న్యాయముగా తోచదు. ప్రసూతి సెలవులోనున్న స్త్రీని తొలగించుటయు, ఆ సెలవులోపలనే గడువు తీరునట్లు తొలగింపు నోటీసు నిచ్చుటయు 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే నిషేధించినది.

ఎమ్మిగనూరు చేనేత యిండ్లలో మగ్గము ప్రక్కన కండెలు చుట్టు తల్లికి మాత్రము నియామక పత్రమే లేదు గనుక నోటీసు గడువును లేదు, సెలవు వేతనమును లేదు.