కంప్యూటర్లో కంప్యూటర్... నెట్ ఏదీ?

ఫోన్లో సిగ్నల్ నిండుగా ఉంది. హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్‌లో వెబ్‌సైట్లు చకచకా తెరుచుకుంటున్నాయి. అదే ల్యాప్‌టాప్ లోపలున్న ఇంకో కంప్యూటర్‌కి మాత్రం నెట్ లేదు! ఇదేం విడ్డూరం?

నాగ్‌పుర్ రహదారి మీదున్న ఇచ్చోడలాంటి ఊళ్లో, ఇంటిపట్టునే ఉండి సర్వర్ల పని నేర్చుకునే కుర్రాడికి ఇది చిన్న చిక్కేం కాదు. హైదరాబాద్‌లో గది అద్దె, కోచింగ్ ఫీజు తప్పించి, ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌నే మూడు నాలుగు కంప్యూటర్ల ల్యాబ్‌గా మార్చేది ఈ 'వర్చువల్ మెషీనే' మరి. ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో పెద్ద కంప్యూటర్లకు తెచ్చిన విద్య ఇది. 1999లో వీఎంవేర్ దాన్ని మామూలు పీసీల్లోకి దించింది. 2007లో వచ్చిన వర్చువల్‌బాక్స్‌ని ఉచితంగానే వాడుకోవచ్చు.

మూడు దారులు

లోపలి కంప్యూటర్ బయటికెళ్లడానికి ముఖ్యంగా మూడు ఏర్పాట్లు. 'న్యాట్' అంటే, హాస్టల్ పిల్లల ఉత్తరాలన్నీ వార్డెన్ చిరునామాతో వెళ్లినట్టు. 'బ్రిడ్జ్‌డ్' అంటే, సొంతంగా డోర్ నంబరు తీసుకోవడం. 'హోస్ట్ ఓన్లీ' అంటే, ప్రహరీ దాటకుండా లోపలే మాట్లాడుకోవడం... నెట్ రాదు.

చాలామంది పొరబడేది బ్రిడ్జ్‌డ్ దగ్గరే. హాట్‌స్పాట్‌కి తెలిసింది పాస్‌వర్డ్ ఇచ్చి చేరిన ల్యాప్‌టాప్ ఒక్కటే. దాని వెనకాల కొత్త చిరునామాతో వచ్చినదాన్ని, చుట్టం వెంట వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషిని గుమ్మంలో ఆపినట్టు, ఆపేస్తుంటుంది. న్యాట్‌కి మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో కథ సుఖాంతం.

వరుసగా వెతకండి

అప్పటికీ రాలేదా? సెట్టింగుల్లో 'కేబుల్ కనెక్టెడ్' దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. తర్వాత ఐపీ చిరునామా. అది 169.254తో మొదలైతే, ఎవరూ చిరునామా ఇవ్వక తనకు తానే పెట్టుకుందని అర్థం. వర్చువల్‌బాక్స్ న్యాట్‌లో 10.0.2.15 కనిపిస్తే దిగుల్లేదు. ఇక 8.8.8.8కి పింగ్ కొట్టండి. జవాబొచ్చినా వెబ్‌సైట్ పేరు కొడితే తెరుచుకోకపోతే, దోషం దారిది కాదు... పేరుని అంకెలుగా మార్చే డీఎన్ఎస్‌ది. ఒక మెషీన్‌కి నకలు తీసి రెంటినీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టారా? అయితే మ్యాక్ చిరునామా కూడా నకలైందేమో చూసి, కొత్తది ఇవ్వండి.

కంగారుపడి అన్నీ ఒకేసారి మార్చేస్తే మాత్రం తప్పెక్కడుందో ఎప్పటికీ తెలీదు. ఒక్కటి మార్చడం, చూడడం, రాసుకోవడం... రేపు ఉద్యోగంలో నిజం సర్వర్ మొరాయించినా చేయాల్సింది ఇదే కదా!