పొగగొట్టానికి కాపలా

ఇంగ్లండ్ పల్లెటూరి పబ్బు కట్టడం గురించి రాయమన్నారు మా ఎడిటర్. గడువు గురువారం. దూలాలూ కిటికీలూ ఎన్నో చూశాను. నన్ను కట్టిపడేసింది మాత్రం ఓ ఫైర్‌ప్లేస్ ముందు నేలమీది సుద్దగీతలు.

ఊరు వూస్టర్‌షైర్‌లోని బ్రెట్‌ఫోర్టన్. పబ్బు పేరు ఫ్లీస్ ఇన్. మంట దగ్గర పరిచిన రాతిపలకల మీద తెల్లటి వలయాలు గీసి ఉంటాయి. పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు దిగకుండా అట! నవ్వొస్తుంది గానీ, ఆ ఇల్లు కట్టినవాడి వైపు నుంచి చూడండి. తలుపుకు గడియ పెట్టొచ్చు, కిటికీ మూయొచ్చు. పొగగొట్టం మాత్రం రాత్రీ పగలూ ఆకాశానికి తెరిచే ఉండాలి. మూయడానికి వీల్లేని ఆ ఒక్క దారికి వలయాలు కాపలా.

సుద్ద కదా, చెప్పుల కింద చెరిగిపోతుంది. ఎవరో ఒకరు మళ్లీ గీయాలి. ఓక్ దూలం పట్టించుకోకపోయినా కొన్ని తరాలు నిలబడుతుంది. వలయం అలా కాదు. అందుకే నాకు ఈ ఇంట్లో అన్నిటికంటే పాతది ఆ కొత్త సుద్దే అనిపిస్తుంది.

పట్టించుకునేవాళ్లుంటేనే ఏదైనా నిలుస్తుందన్న సంగతి చివరి యజమానురాలు లోలా టాప్లిన్‌కు బాగా తెలుసనుకుంటాను. తరతరాలుగా తమ కుటుంబం చేతిలో ఉన్న ఈ పబ్బును ఆమె పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు రాసిచ్చి 1977లో కన్నుమూసింది. పల్లె పబ్బుగానే నడపాలి, రూపు చెడగొట్టకూడదు అన్నది షరతు. ఆలూ చిప్స్ పొట్లాలు అమ్మకూడదని కూడా పట్టుబట్టిందని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, నిజమైతే బాగుండు.

చరిత్ర క్లుప్తంగా: 15వ శతాబ్దంలో రైతు ఇల్లు, మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద. 1848లో మద్యం లైసెన్సు. 2004లో గడ్డికప్పు అంటుకుంది. మరమ్మతు చేసి మళ్లీ తెరిచారు. పబ్బు కోసం కట్టింది కాదు గనక విశాలమైన హాలు లేదు, చిన్న చిన్న గదులే. ఒక గదిలో 17వ శతాబ్దపు తగరపు పళ్లేలున్నాయి. 1651 వూస్టర్ యుద్ధానికి వెళుతూ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ వదిలి వెళ్లాడంటారు. ఇంగ్లండ్‌లో పాత పబ్బన్నాక ఎవరో ఒక మహానుభావుడు దిగి తీరాల్సిందే! నేను నమ్మను.

దూలాల మీద అంకెలు
ఇలాంటి ఇళ్లకు వడ్రంగులు పచ్చి ఓక్ కలపను ముందే కోసి, నేలమీద పరిచి జత కుదిర్చేవారు. ఏది దేనికి తగలాలో రోమన్ అంకెలు చెక్కి, విప్పి, స్థలానికి తెచ్చి కొయ్యమేకులతో బిగించేవారు. మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, పేడా గడ్డీ కలిపిన మట్టి మెత్తేవారు.

ఆస్పరాగస్ వేలం
ఈ ప్రాంతం ఆస్పరాగస్ పంటకు పేరు. కోతల కాలం ఏప్రిల్ 23 నుంచి జూన్ 21 దాకా అని ఆనవాయితీ. మే నెలాఖరులో కట్టల వేలం ఈ పబ్బులోనే జరుగుతుంది. వచ్చిన డబ్బు ఊరి బ్యాండు మేళానికి.