ఇచ్చిన కొమ్మ పోలేదు

దేవగన్నేరు మన ప్రాంతపు సమాధుల తోటలలోను, బడుల ఆవరణలలోను, పాత బంగళాల ముందు తరచుగా కనబడే చెట్టు. మన చెట్టే అనుకుంటాము గాని, దాని పుట్టినిల్లు మెక్సికో, కరీబియన్ దీవులు మొదలైన ఉష్ణప్రాంతాలు. 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి, వృక్షశాస్త్రవేత్త ఛార్లెస్ ప్లూమియే పేరు మీదుగా శాస్త్రజ్ఞులు దానిని ప్లుమేరియా అంటారు. అంత దూరం నుండి వచ్చిన చెట్టు మన ఊళ్లలో ఒక ఇంటి నుండి మరొక ఇంటికి చేరేది మాత్రం ఎక్కువగా స్నేహితులిచ్చిన కొమ్మల ద్వారానే.

తెనాలిలో మా మందిరపు ఆవరణలోని దేవగన్నేరు కూడ అలా వచ్చినదే. బాపట్లలోని ఒక మాస్టారు, మా చిరకాల స్నేహితులు, తమ ఇంటి చెట్టు నుండి మూరెడు కొమ్మ కోసి ఇచ్చారు.

దీనిని నాటడం సులువే గాని ఓపిక కావాలి. ఫిబ్రవరి, మార్చి నెలలలో బొటనవేలంత లావు కొమ్మను కోయాలి. కోసినచోట తెల్లని పాలు కారతాయి. అవి చర్మానికి తగిలితే మంట పుట్టవచ్చు, కంటికి హాని చేస్తాయి గనుక పిల్లలను దూరంగా ఉంచండి. ఆకులు తుంచి, కొమ్మను నీడలో వారం పది రోజులు ఆరనివ్వాలి. కోసిన మొన గట్టిపడక ముందే నాటితే కుళ్లిపోతుంది. నాలుగు అంగుళాల లోతున పాతి, కదలకుండ కర్రకు కట్టాలి. వేళ్లు పట్టడానికి నెలన్నర, రెండు నెలలు కావచ్చు. ఆకు తొడిగేవరకు నీళ్లు బహు తక్కువగా పోయాలి. బాపట్ల ఇసుక నేలలో నీరు నిలవదు గనుక భయం లేదు. తెనాలి, రేపల్లె వైపు నల్లమట్టిలోనైతే సగం ఇసుక కలిపి, మెరక చేసి నాటుకోవాలి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మాస్టారి చెట్టు కూలింది. అప్పుడు కుమారుని ఇంట ఉన్న ఆయన తిరిగి వచ్చేసరికి, దారికి అడ్డమని ఎవరో దానిని నరికి తీసివేశారు. అది ఆయన భార్య నాటిన చెట్టు. ఆమె ప్రభువునందు నిద్రించి చాల కాలమైనది. మాస్టారు తెనాలి వచ్చి, "అయ్యగారూ, మా యింటావిడ చెట్టు మీ దగ్గర ఉన్నది గదా, ఒక కొమ్మ ఇప్పించండి" అని అడిగారు.

విత్తనం వేస్తే పూవు రంగు మారవచ్చు. కొమ్మ నాటితే తల్లిచెట్టు పూవే పూస్తుంది. కాబట్టి ఆయనకు తిరిగి దొరికినది అటువంటి మరొక చెట్టు కాదు, ఆమె నాటిన చెట్టే. ఆ మార్చిలో రెండు కొమ్మలు కోశాము. ఒకటి బాపట్లకు, ఒకటి రేపల్లెలో కొత్త ఇల్లు కట్టుకున్న ఒక కుటుంబానికి వెళ్లాయి.

యోబు గ్రంథము 14వ అధ్యాయములో ఆ భక్తుడు నరికిన చెట్టుకున్న నిరీక్షణను తలంచి, మరి మనుష్యుని సంగతి ఏమిటని అడిగాడు. క్రీస్తు సమాధి నుండి లేచుటలో ఆ ప్రశ్నకు జవాబు ఉన్నదని మనము నమ్ముచున్నాము. మాస్టారు కూడ ఆ నమ్మకముతోనే కొమ్మను తడిగుడ్డలో చుట్టబోయిన మమ్మును ఆపి, "ఇది ఎండాలి గదండీ" అని నవ్వి, సంచిలో పెట్టుకున్నారు.

మన గోడ లోపలే దాచుకున్న చెట్టు ఒక్క గాలికి పోవచ్చు. పంచుకున్న చెట్టు నాలుగు ఊళ్లలో నిలుస్తుంది. ఈసారి ఫిబ్రవరిలో మీ చెట్టు నుండి ఒక కొమ్మ కోసి, సంఘస్థులైనా కాకపోయినా, మీ పొరుగువారికి ఇవ్వండి. ఎలా ఆరబెట్టాలో కూడ చెప్పి ఇవ్వండి.